ఇంటికి పద

సుందరత్త పోయాక ఆవిడ పెట్టె తెరిచే పని నా మీద పడింది. ఎవరూ దెబ్బలాడుకోవలసినంత ఆస్తి అందులో ఏమీ లేదు. ఉతికి మడతపెట్టిన నేత చీరలు, అట్ట ఊడిన బైబిలు, ఒక చెవి విరిగిన కళ్లజోడు, అడుగున పాత తువ్వాలులో చుట్టిన స్టీలు క్యారేజీ. మా కోడలు ఆ క్యారేజీని అటూ ఇటూ తిప్పి చూసి, "సొట్టపడిపోయిందండీ అత్తయ్యగారూ, మూత కూడా కూర్చోవట్లేదు, పాత సామాన్లవాడికి వేసేద్దామా?" అంది. నేను కస్సుమన్నాను. ఆ పిల్ల తప్పేం లేదు పాపం, దానికి తెలియదు. ఆ సొట్ట అత్త మొగుడు, మా ప్రకాశం మామయ్య తల మీద పడింది. వేసింది మా మామ్మ. ఆ సొట్ట సరిచేయిస్తానన్నవాళ్లని కూడా అత్త ఏనాడూ ముట్టుకోనివ్వలేదు.

ఉద్యోగం చేసినన్నాళ్లూ నేను పిల్లలకి తెలుగు చెప్పాను. వ్యాసాల్లో "విహారయాత్రల వలన లాభనష్టములు" అనేది ఒకటి ఎప్పుడూ ఉండేది. పిల్లలందరూ ఒక్కటే రాసేవారు. విజ్ఞానము పెరుగును, మనసునకు ఉల్లాసము కలుగును అని లాభాలు. ధనము, కాలము వ్యర్థమగును, ఆరోగ్యము చెడును అని నష్టాలు. అవి దిద్దుతుంటే నాకు ఒళ్లు మండిపోయేది. పిల్లల మీద కాదు, వాళ్లకి ఆ నాలుగు ముక్కలూ నూరిపోసిన పుస్తకాల మీద. లాభమంటే ఏమిటో, నష్టమంటే ఏమిటో నాకు ఒక్క బస్సులో తెలిసింది. అప్పుడు నేను హైస్కూల్లో చదువుతున్నాను. లంగా ఓణీ కొత్తగా మొదలుపెట్టిన వయసు.

మా ఊరు రాజోలు దగ్గర, కాలవ గట్టు మీద. మా ఇంటికీ సుందరత్త వాళ్లింటికీ మధ్య కొబ్బరాకుల దడి ఒక్కటే అడ్డం. అత్త మా నాన్నగారి సొంత చెల్లెలు. కాలవలో నానేసిన కొబ్బరి పీచు డొక్కల కంపు, మా అమ్మ పొయ్యి మీద చేపల పులుసు, అరుగు మీద మామ్మ నమిలే ఆకూవక్కా, ఈ మూడు వాసనలూ కలిస్తే మా ఇల్లు. ఇంకొకటి కూడా కలపాలి, అదే దెబ్బలు. ఆ రోజుల్లో చెయ్యి చేసుకోవడం అనేది ఇంట్లో అంట్లు తోముకోవడం లాంటి పని. నాన్నగారు బళ్లో తెలుగు మాస్టారు. అక్కడ చింతబరికతో పిల్లల అరచేతులు వాచేలా కొట్టి వచ్చి, ఇంట్లో స్కేలుతో మమ్మల్ని కొట్టేవారు. మామ్మ చేతికి ఏది దొరికితే దాంతో కొట్టేది, చీపురైనా, విసనకర్రైనా, ఒకసారి బతికున్న కొరమేను అయినా. దెబ్బ తిన్నవాళ్లు ఏడ్చి, ముఖం కడుక్కుని, అన్నానికి కూర్చునేవారు. కొట్టినవాళ్లే ముద్ద కలిపి పెట్టేవారు. దాన్ని ప్రేమ అనే అనుకునేవాళ్లం, కొంత నిజమే కూడానేమో.

దడి అవతల జరిగేది మాత్రం వేరు. ప్రకాశం మామయ్య అదే బళ్లో లెక్కల మాస్టారు, మా గుడిలో సంఘ పెద్ద. ఆదివారం ఆయన ప్రార్థన చేస్తే ఆడవాళ్లు కళ్లు తుడుచుకునేవారు. బయట ఆయన నోట "ఆయ్, అలాగేనండి" తప్ప రెండో మాట వచ్చేది కాదు. ఆయన్ని గురించి "వారు" అని రాయడానికి నా కలం ఒప్పుకోవడం లేదు కాబట్టి "వాడు" అనే రాస్తాను. వాడు అత్తని ముఖం మీద కొట్టేవాడు కాదు. చీర, జాకెట్టు కప్పే మేరలోనే కొట్టేవాడు. బెల్టుతో కొట్టేవాడు, పిడికిలితో డొక్కలో గుద్దేవాడు, మోకాలితో నేలకి అదిమేవాడు. పులుసులో ఉప్పు ఎక్కువైందనో, కిటికీలోంచి ఎవరినో చూసిందనో, అసలు ఏమీ లేకపోయినా. ఒకసారి నిండు నెలల్లో ఉండగా కడుపు మీద తన్నాడు. ఆ బిడ్డ దక్కలేదు, తర్వాత మరి పిల్లలు పుట్టలేదు. దడి అవతల నుంచి ఆ చప్పుళ్లు మొదలవగానే పక్కింటివాళ్లు రేడియో గొంతు పెంచేవారు. మా నాన్నగారు దిద్దుతున్న పేపర్లు మరీ దగ్గరగా పెట్టుకుని చూసేవారు. అమ్మ ఎండుమిరపకాయలు రోట్లో వేసి దంచడం మొదలుపెట్టేది, ఆ పూట కారంతో పని లేకపోయినా సరే.

మర్నాడు పొద్దున్న అత్త దడి సందులోంచి వచ్చి, "అమ్మా, కాస్త పసుపుందా?" అని అడిగేది. అంతే. ఎందుకని ఎవరూ అడిగేవారు కాదు. మామ్మ సన్నికల్లు ముందు కూర్చుని పసుపు కొమ్ము నూరి, తన ఆకుల పెట్టెలోంచి సున్నం తీసి కలిపేది. అది ఎర్రగా మారేది. వేడిచేసి అత్త వీపు మీదా, డొక్కల మీదా పట్టు వేసేది. వేస్తున్నంతసేపూ ఇద్దరూ చేపల గురించీ, కొబ్బరికాయల దింపు ఎప్పుడనీ మాట్లాడుకునేవారు. పట్టు ఆరాక మామ్మ, "ఇక ఇంటికెళ్లు, ఆయన బడి నుంచొచ్చేస్తారు" అనేది. నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను కాబట్టి, పెళ్లయిన ఆడవాళ్లందరికీ ఇలా పట్టు వేస్తారు కాబోలు అనుకునేదాన్ని. తల్లి పని పసుపు నూరడం, కూతురి పని వేయించుకోవడం.

ఆ వేసవిలో మా బడి మాస్టార్లందరూ కలిసి బస్సు మాట్లాడుకుని, కుటుంబాలతో మైసూరు, ఊటీ చూసి రావాలనుకున్నారు. మా ఊళ్లో అంతకుముందు అలాంటిది ఎవరూ ఎరగరు. మామ్మ అరుగు మీద కూర్చుని నాన్నగారిని దులిపేసింది. "చావుకా, పెళ్లికా, మీటింగులకా? ఏదీ కాదంటున్నావు. ఊరికే చూసి రావడానికి కొంపకి తాళం వేసుకుని పోతారేంట్రా ఎవరైనా? కొండని చూస్తే ఏమొస్తుంది?" అంది. "ఏమీ రాదమ్మా. చూసొస్తాం, అంతే" అన్నారు నాన్నగారు. హెడ్మాస్టారు అందరూ భార్యల్ని తీసుకురావలసిందేనని పట్టుబట్టారు. పదిమందిలో కాదనలేక మామయ్య కూడా "ఆయ్, తీసుకొస్తానండి" అన్నాడు. అత్త అప్పటిదాకా రాజోలు, అమలాపురం, రేవు దాటి నరసాపురం తప్ప ఏ ఊరూ చూడలేదు.

ప్రయాణం సామాను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. బియ్యం బస్తాలు, స్టవ్‌లు, ఆవకాయ జాడీలు, వాటన్నిటి మీదా బస్సు టాపు నిండా కొబ్బరికాయల బస్తాలు. కోనసీమ పొలిమేర దాటితే భూమ్మీద కొబ్బరికాయ దొరకదని మా మాస్టార్ల గట్టి నమ్మకం. సైన్సు మాస్టారూ సోషల్ మాస్టారూ కూడా ఆ బస్తాలు మోసినవాళ్లే. మామ్మ మాకు కొత్త స్టీలు క్యారేజీ సర్దింది. పై గిన్నెల్లో కందిపొడి, సున్నుండలు, వేయించిన రొయ్యపొట్టు. అన్నిటికన్నా కింది గిన్నెలో ఏముందో తెలుసా? నూరిన పసుపూ సున్నం ముద్ద. తడి ఆరకుండా మీద అరిటాకు ముక్క వేసి మూత పెట్టింది. "అక్కడ పరాయి ఊళ్లో ఎవర్ని అడుగుతుందే అది? నీ దగ్గరుంచు. అడిగితే ఇవ్వు" అని క్యారేజీ నా చేతిలో పెట్టింది. జ్వరానికి మాత్ర ఇచ్చినట్టే ఇచ్చింది.

మైసూరు దారిలో తెల్లారి లేచి కిటికీలోంచి చూస్తే రెండువైపులా కనుచూపు మేరా కొబ్బరితోటలు. బస్సులో అందరూ ఒకసారి టాపు వైపు చూశారు. తర్వాత హెడ్మాస్టారి భార్య, "మన కాయలు తియ్యగా ఉంటాయి లెండి" అంది. అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఆ నవ్వులో సుందరత్త గొంతు విని మా అమ్మ వెనక్కి తిరిగి చూసింది. అత్త నవ్వితే గరగరమని మగవాడి నవ్వులా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. ఊరూరా ఏదో ఒక బడిలోనో కల్యాణమండపంలోనో బస. ఒకే హాలు, ఆడవాళ్లందరూ ఒక వరసలో, మగవాళ్లందరూ ఇంకో వరసలో చాపలు వేసుకుని పడుకోవడం. గది లేదు, తలుపు లేదు, గడియ లేదు. ఒకరు దగ్గితే ఇంకొకరికి మెలకువ వచ్చేది. అందరూ నిద్ర పట్టడం లేదని సణుక్కునేవారు. అత్త ఒక్కర్తే పడుకున్నది పడుకున్నట్టు మొద్దు నిద్రపోయేది. పొద్దున్న పంపు దగ్గర స్నానాలప్పుడు అత్త వీపు చూసేదాన్ని. బయల్దేరినప్పుడు నల్లగా కమిలిన చోట్లు మైసూరు వచ్చేసరికి పచ్చబడ్డాయి. ఊటీ వచ్చేసరికి వీపు మామూలు వీపు అయింది. అమ్మ కూడా చూసింది. వెన్ను తోముతూ ఒక్కసారి అక్కడ చెయ్యి ఆపి, మళ్లీ తోమింది. అత్త ఇంకో ముద్ద అడిగి అన్నం పెట్టించుకోవడం మొదలుపెట్టింది. నాకు ఎంత సంతోషంగా ఉండేదో చెప్పలేను. క్యారేజీ అడుగు గిన్నె సంగతే మరిచిపోయాను.

ఊటీ చెరువులో పడవలు ఉన్నాయి. అత్త గోదారి ఒడ్డు పిల్ల. పడవవాడు తెడ్డు వేసే తీరు చూసి ఆగలేక, కొంగు దోపుకుని, వాడి చేతిలోంచి తెడ్డు తీసుకుంది. ఏం వేసింది తెడ్డు! మా పడవ మిగతా పడవలన్నిటినీ దాటుకుని వెళ్లిపోయింది. పడవలో ఆడవాళ్లం చప్పట్లు కొట్టాం. అవతల ఒడ్డున మగవాళ్లు కూడా కొట్టారు. మామయ్య అందరి సంచులూ భుజాన వేసుకుని గట్టు మీద నిలబడి నవ్వుతూ చూస్తున్నాడు. పడవ ఒడ్డుకి రాగానే చెయ్యి అందించి, పెద్దమనిషి లాగా అత్తని దింపాడు. వెనకే నేను దిగుతున్నాను. వాడు నవ్వు చెదరనివ్వకుండా ఆవిడ చెవి దగ్గర, "బాగా వేశావు. ఇంటికి పద" అన్నాడు. పట్టుకున్న మోచేతిలో వాడి గోళ్లు దిగి ఉన్నాయి. అత్త దోపుకున్న కొంగు లాగి భుజం మీదుగా కప్పుకుంది. అప్పుడు నాకు అర్థమైంది. వాడు మానలేదు, దాచుకుంటున్నాడు. నలుగురి మధ్యా కొట్టలేడు కాబట్టి ప్రతిదీ ఇంటికి అట్టే పెడుతున్నాడు.

ఆ తర్వాత ఆ మాట నా చెవులకి ప్రతిచోటా వినబడటం మొదలైంది. అత్త రెండోసారి సాంబారు పోయించుకుంటే "ఇంటికి పద". పూలతోటలో అందరితో కలిసి ఫోటో దిగితే "ఇంటికి పద". బస్సులో పాట అందుకుంటే, ముందు సీటులోంచి వెనక్కి కూడా తిరగకుండా, గొంతు పెంచకుండా, "ఇంటికి పద". మిగతావాళ్లు విన్నా, ఆయనకి ఇంటి మీద బెంగ పట్టుకుందని నవ్వేవారు. బస్సు వెనక్కి తిరిగిన రోజు నుంచి అత్త తిండి మానేసింది. విస్తరి ముందు కూర్చుని మెతుకులు అటూ ఇటూ జరిపేది. నిద్ర కూడా పోయింది. ఎక్కడ బస్సు ఆగినా దిగి వాంతి చేసుకునేది. ఘాటు రోడ్డు పడలేదని అందరూ నిమ్మకాయలు ఇచ్చారు, ఘాటు రోడ్డు దాటి చాలా దూరం వచ్చేశాక కూడా. ఒకచోట టీ కోసం ఆపితే అత్త మా అమ్మ పక్కన కూర్చుని చాలా మామూలుగా, "వదినా, ఈ బస్సు ఇంకెక్కడికీ వెళ్లదా?" అని అడిగింది. అమ్మ టీ తాగకుండానే గ్లాసు తిరిగిచ్చేసింది.

సిద్ధాంతం వంతెన మీద బస్సు ఎక్కగానే కింద వశిష్ఠ గోదారి కనిపించింది. "హమ్మయ్య" అనుకున్నారు అందరూ. హెడ్మాస్టారు, "ప్రకాశంగారూ, క్షేమంగా వచ్చేం, మీరో మాట ప్రార్థన చెయ్యండి" అన్నారు. మామయ్య "ఆయ్" అంటూ లేచి, సీటు కడ్డీ పట్టుకుని, కళ్లు మూసుకుని, మమ్మల్నందర్నీ ఏ అపాయమూ లేకుండా ఇళ్లకి చేరుస్తున్నందుకు దేవుడికి స్తోత్రాలు చెప్పాడు. గొంతు గద్గదమైంది కూడా. అందరూ ఆమెన్ అన్నారు. నేను కళ్లు తెరిచే ఉంచాను. అత్త కూడా తెరిచే ఉంచింది.

బస్సు మా వీధి మొదట్లో ఆగింది. ఇంకా ఎండ ఉంది. మామ్మ మధ్యాహ్నం నుంచీ అక్కడే నిలబడి ఎదురుచూస్తోందట. నేను దిగీ దిగగానే, ఎలా ఉన్నావనైనా అడక్కుండా, నా చేతిలో క్యారేజీ లాక్కుంది. గిన్నెలు సరిగ్గా తోమామో లేదో చూడటం ఆవిడ అలవాటు. పైవి చూసి సణిగింది. అడుగు గిన్నె మూత తీసింది. పసుపు ముద్ద రాయిలా ఎండి, బీటలు వారి, పెట్టింది పెట్టినట్టే ఉంది. గోటితో గీకి చూసింది.

"ఇది తియ్యలేదేంటే?" అంది.

"అవసరం రాలేదు మామ్మా."

"ఇన్ని రోజుల్లో ఒక్కసారీ?"

"ఒక్కసారీ రాలేదు" అన్నాను. "అందరం ఒకే హాల్లో పడుకున్నాం కదా, కొట్టడానికి కుదర్లేదు."

మామ్మ దవడ ఆడటం ఆగిపోయింది. అప్పటికి అందరూ దిగిపోయారు, సుందరత్త తప్ప. కిటికీ పక్కన, ముందు సీటు ఇనుపకడ్డీని రెండు చేతులతో పట్టుకుని కూర్చుని ఉంది. మామయ్య కింద నుంచి, "దిగు, ఇల్లొచ్చేసింది" అని నవ్వుతూ పిలిచాడు. రెండోసారి పిలిచాడు. అత్త, "నేను దిగను" అంది. గట్టిగానే అంది, అందరికీ వినబడింది. వాడు బస్సెక్కాడు. ఎక్కేటప్పుడు కూడా ఆ నవ్వు ఉంది. ఆవిడ దగ్గరికి వెళ్లి జడ చేతికి చుట్టుకుని గుంజాడు. ఆవిడ కడ్డీ వదల్లేదు. తల పట్టుకుని కిటికీ ఊచకేసి కొట్టాడు. గునపం మీద కొబ్బరికాయ పడ్డప్పటి చప్పుడు వచ్చింది. మళ్లీ కొట్టాడు. నుదురు చిట్లి రక్తం కంట్లోకి కారింది. అయినా కడ్డీ వదల్లేదు. కాలెత్తి చెప్పు మడమతో ఆ వేళ్ల మీద తొక్కాడు, తొక్కి తిప్పాడు. ఎముక విరగడం నాకు కింద నుంచే వినబడింది. అత్త కేక వేసింది, వదల్లేదు. దాచుకున్నదంతా ఇంటి దాకా ఆపుకోలేక అక్కడే తీర్చుకోవడం మొదలుపెట్టాడు.

కింద మాస్టార్లు సామాను మధ్య నిలబడి ఉన్నారు. ఒకాయన టాపు మీదకి చూస్తూ, "స్టవ్ ఏదండీ, స్టవ్ దింపేరా?" అని అదే పనిగా అరవడం మొదలుపెట్టారు. రేడియో లేదు కదా మరి. నాన్నగారు బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి, రెండో కాలు నేల మీదే ఉంచి, "బావగారూ, నలుగురిలో బాగోదు. ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం" అన్నారు. నేను ఏడుస్తూ నాన్నగారి వీపు మీద రెండు చేతులతో గుద్దాను. మామ్మ నమిలేది పక్కకి ఊసింది. క్యారేజీ మూసి, గొలుసు బిగించి, పిడి పట్టుకుని, కొడుకుని భుజంతో ఒక్క తోపు తోసి బస్సెక్కింది. ఆవిడ మోకాళ్ల నొప్పుల మనిషి, అరుగు ఎక్కడానికే చెయ్యి అడిగేది.

"అల్లుడుగారూ" అని పిలిచింది. పెళ్లయిన నాటి నుంచీ ఆవిడ వాడి ఎదుటపడి మాట్లాడి ఎరగదు. అల్లుడు వస్తే తలుపు చాటుకి వెళ్లి, మాతో మాట పంపించేది. ఆ గొంతు విని వాడు ఆశ్చర్యపోయి తిరిగాడు. ఆ తిరగడంలోనే క్యారేజీ వాడి కణత మీద పడింది. గొలుసు తెగి గిన్నెలు బస్సంతా దొర్లాయి. వాడు సీట్ల మధ్య కూలబడ్డాడు. మామ్మ చేతిలో మిగిలిన గిన్నెతో మళ్లీ కొట్టింది, అడ్డం పెట్టుకున్న చేతుల మీద, భుజం మీద, చెవి మీద. వాడి చెవి వెనక నుంచి రక్తం చొక్కా మీదకి దిగింది. ఎవరో పట్టుకోబోతే వాళ్లకీ తగిలింది. చివరికి ఆవిడే అలిసిపోయి ఆగింది. కింద పడ్డ అడుగు గిన్నె వెతికి, మూత ఊడదీసి, ఆ ఎండిన పసుపు ముద్ద తీసి వాడి ఒళ్లోకి విసిరింది.

"ఇన్నాళ్లూ నేను నూరేనండి" అంది రొప్పుతూ. "ఇక మీ అమ్మగారి చేత నూరించుకోండి."

తర్వాత అత్త చేతులు కడ్డీ మీద నుంచి ఒక్కొక్క వేలే విడదీసి, కూతుర్ని పట్టుకుని మా ఇంట్లోకి నడిపించుకొచ్చింది. ఆ రోజు నుంచి దడి సందు మూసేశారు. ఇంతటితో అందరికీ కళ్లు తెరుచుకున్నాయని రాస్తే అబద్ధం అవుతుంది. సంఘ పెద్దలు మామ్మని పిలిచి, అల్లుణ్ణి కొట్టడం తప్పని ఒప్పుకోమన్నారు. "ఒప్పుకుంటానండి. ముందు ఆయన్ని కూర్చోబెట్టి ఆయన తప్పులన్నీ ఒప్పించండి. అయ్యేసరికి నేను బతికుంటే వస్తాను" అంది. ఆవిడని గుడిలో రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే ప్రభు సంస్కారానికి రావద్దన్నారు. వాడు మాత్రం తలకి కట్టుతో మునుపటిలాగే ప్రార్థనలు చేశాడు. నాన్నగారు మామ్మతో చాన్నాళ్లు మాట్లాడలేదు. ముసలావిడ అల్లుణ్ణి కొట్టిన ఇల్లని నాకు వచ్చిన సంబంధాలు వెనక్కి వెళ్లాయి. మా బడిలో మళ్లీ ఎవరూ టూరు మాటెత్తలేదు. ఊరు తిప్పితే ఆడవాళ్లకి ఇల్లు పట్టదని తేల్చేశారు. మామ్మ ఆ తర్వాత సున్నం ముట్టుకోలేదు, దాంతో ఆకూవక్కా కూడా మానేసింది. ఒకరోజు పచ్చడికి సన్నికల్లు ముందు కూర్చుని, నూరడం ఆపి, "పట్టు వేసి మళ్లీ పంపేదాన్నే కృపా. నేనే పంపేదాన్ని" అని బావురుమంది. మామ్మ ఏడవడం నేను అంతకుముందు చూడలేదు.

అత్త వేళ్లు రెండు వంకరగానే అతుక్కున్నాయి. ఆ చేత్తోనే ప్రైవేటుగా పరీక్షలు రాసింది. తర్వాత కొత్తపేట దగ్గర ఒక ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా చేరింది. నేను ఉద్యోగంలో చేరేనాటికి ఆవిడ ఏటా పిల్లల్ని లాంచీ మీద పాపికొండలకీ, అంతర్వేది సముద్రానికీ తిప్పేది. ఒకసారి నన్నూ రమ్మంది. వెళ్లేటప్పుడు పిల్లలు చేసే అల్లరికి నాకు తల తిరిగింది. ఆవిడ పట్టించుకోలేదు. తిరుగు ప్రయాణంలో మాత్రం వడ్డించే గరిటె తనే తీసుకుని, ఒక్కొక్క విస్తరి చూస్తూ నడిచింది. నన్ను పక్కకి పిలిచి, "వెళ్లేటప్పుడు అందరూ తింటారే. వచ్చేటప్పుడు ఎవరు తినడం మానేసిందో చూడు" అంది. ఒక పిల్ల విస్తరిలో అన్నం అలాగే ఉంది. ఆ సెలవులకి అత్త ఆ పిల్లని ఇంటికి పంపలేదు. హాస్టల్లో ఏదో పనుందని వాళ్ల నాన్నకి కబురు పెట్టి, తన దగ్గరే ఉంచుకుంది. వాళ్ల నాన్న వచ్చి గేటు దగ్గర నానా గొడవ చేశాడు, కత్తి తెచ్చి బెదిరించాడు కూడా. ఈవిడ గేటుకి తాళం వేసి, ఇవతల కుర్చీ వేసుకుని కూర్చుంది. అలా ఎంతమందిని ఆపిందో ఆవిడ నాకు చెప్పలేదు. మొన్న అంత్యక్రియలకి వచ్చిన ఆడవాళ్లని చూస్తే కొంత తెలిసింది.

ఇప్పుడు శనివారం వస్తే చాలు అందరూ టూర్లే. మా దిండి వైపు గోదారి ఒడ్డున వరసగా రిసార్టులు. హైదరాబాదు నుంచి కార్లేసుకుని మా కొబ్బరిచెట్లు చూడ్డానికి వస్తున్నారు. మామ్మ ఉంటే నవ్వి నవ్వి చచ్చేది. మంచిదే, ఆడపిల్లలు ఒంటరిగా కూడా తిరుగుతున్నారు, మాకు లేని ధైర్యం వాళ్లకి ఉంది. కానీ ఇప్పుడు ఎక్కడికెళ్లినా జంటకో గది, గదికో తలుపు, లోపల టీవీ. ఎవరి ఇంటిని వాళ్లు వెంటబెట్టుకునే వెళుతున్నారు. ఒకే హాల్లో వరసగా పడుకునే టూరు ఇప్పుడు ఎవరికి కావాలి? సుందరత్తని ఊటీలో ఏం చూశావని ఎవరు అడిగినా, "ఏం చూశాను? నిద్రపోయాను" అనేది. వాళ్లు నవ్వేవారు. నేను వ్యాసాల కాగితాలు దిద్దుతూ, లాభాల కింద ఈ ఒక్క ముక్క ఏ పిల్లైనా రాస్తుందేమోనని చూసేదాన్ని.

బస్సు దగ్గర గొడవ జరిగిన రోజు నుంచి మా ఇంట్లో "ఇంటికి పద" అనే మాట ఎవరూ అనరు. ఎవరూ చెప్పుకుని మానేసింది కాదు. సినిమా నుంచైనా, పెళ్లి నుంచైనా, "ఇక లేద్దామా" అంటాం. అత్త అసలే అనేది కాదు. హాస్టలు పిల్లల్ని కూడా "బయల్దేరండి" అనేది. రిటైరయ్యాక నా దగ్గరే ఉండి, ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ మాట ఆవిడ నోట నేను వినలేదు. మొన్న అమలాపురం ఆస్పత్రిలో డాక్టరుగారు ఇక చేసేదేమీ లేదన్నారు. నేను మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాను. అత్త ఆ వంకర వేళ్లతో నా చెయ్యి పట్టుకుని, "కృపా, ఇంటికి పద" అంది. మతి తప్పి, ఆ పాత కొంపనే తలుచుకుంటోందేమో అనుకున్నాను.

"ఎవరింటికత్తా?" అని అడిగాను.

"మనింటికేనే. ఇంకెవరింటికి?" అని విసుక్కుంది.

అమలాపురం నుంచి మా ఊరిదాకా కారులో నా భుజం మీద తల పెట్టి నిద్రపోతూనే వచ్చింది.